లండను–ఎడిన్‌బరో పెట్రోలు పరీక్ష

మోటారు బండి కొనువాడు మొదట అడుగు ప్రశ్న మైలేజిని గూర్చియే. అమ్మువాడు ఒక అంకె చెప్పును. దానిని ఎవరు కొలిచిరి, ఏ వేగమున కొలిచిరి అని అడుగువారు అరుదు. అట్లు అడుగుట మన విద్యార్థులకు అలవడవలెనని, నూఱేండ్లకు పూర్వము ఇంగ్లండులో జరిగిన రెండు పరీక్షలను ఇచ్చట వివరించుచున్నాము.

రోల్స్-రాయిస్ కంపెనీ వారు 1906వ సంవత్సరమున ఆరు సిలిండర్లు గల 40/50 అశ్వశక్తి కారును ప్రదర్శించిరి. మరుసటి యేడు ఆ కంపెనీ మేనేజింగు డైరెక్టరు క్లాడ్ జాన్సన్ అట్టి బండి యొకదానికి వెండిరంగు వేయించి "సిల్వర్ ఘోస్టు" అని పేరిడెను. వెండి దయ్యమని అర్థము. చప్పుడు లేక కదలుటచే ఆ పేరు తగియున్నది. మోటారు బండి యనిన దారిలో నిలిచిపోవునదియే యని ఆనాటి జనుల అభిప్రాయము. దానిని మాటలతో ఖండింపక, జాన్సన్ ఆ బండిని రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు పరిశీలకుల యెదుట 15,000 మైళ్లు నడిపించెను. లండను గ్లాస్గోల మధ్య అది 27 మారులు తిరిగెను. 629వ మైలున కుదుపులకు పెట్రోలు కుళాయి తనంతట మూసుకొనిపోయి బండి ఆగెను. పిమ్మట 14,371 మైళ్లు యంత్రదోషముచే ఒక్కసారియు ఆగలేదు. టైర్లు పగులుటను లెక్కలో చేర్చలేదు. అది రోడ్ల పాపము. తుదకు బండిని విప్పి చూడగా, కొత్తదానితో సమానము చేయుటకు వలసిన విడిభాగముల వెల 2 పౌనుల 2 షిల్లింగుల 7 పెన్నీలు మాత్రమే.

ఈ జాతి బండియే, 1912 నాటిది, పసుపుపచ్చని రంగుతో హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని కలదు. నిజాము ప్రభువుల బండికి పెట్రోలు లెక్క అడుగువారెవరు?

1911వ సంవత్సరమున అసలు పోటీ జరిగెను. నేపియర్ కంపెనీ వారి 65 అశ్వశక్తి బండి లండను నుండి ఎడిన్‌బరోకు పోయి, గేరు మార్చక పై గేరులోనే తిరిగి వచ్చెను. రాకపోకలు సుమారు 800 మైళ్లు. గ్యాలనుకు 19.35 మైళ్లు వచ్చెను. రోల్స్-రాయిస్ వారు ఊరకుండలేదు. ఎర్నెస్ట్ హైవ్స్ నడిపిన వారి బండి అదే దారిని, అదే నియమముతో, 24.32 మైళ్లు సాధించెను. ఇంగ్లీషు గ్యాలను 4.546 లీటర్లు, మైలు 1.609 కిలోమీటర్లు గనుక, నేపియర్ లీటరుకు 6.8 కిలోమీటర్లును, రోల్స్-రాయిస్ 8.6 కిలోమీటర్లును నడిచినవన్నమాట. 800 మైళ్లకు ఒకదానికి 41 గ్యాలనులు, రెండవదానికి 33 గ్యాలనులు చాలును.

అయితే ఇచ్చట ఒక మోసమునకు తావు కలదు. ఇంజనుకు పెట్రోలు పలుచగా అందునట్లు కార్బురేటరును సరిచేసి, మెల్లగా నడిపినచో మైలేజి పెరుగును. గాలి యొత్తిడి వేగముయొక్క వర్గమును బట్టి హెచ్చును. వేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగింతలగును. కావున వేగము చెప్పని మైలేజి సగము మాటయే. అందువలన ఆ రెండు బండ్లను బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై కూడ పరుగెత్తించి చూచిరి. నేపియర్ గంటకు 76.42 మైళ్లును, రోల్స్-రాయిస్ 78.26 మైళ్లును పోయినవి. పెట్రోలు ఆదా చేసిన బండియే వేగమునను ముందుండెను. మా దృష్టిలో ఈ రెండవ పరీక్షయే మొదటిదానికి విలువ తెచ్చినది.

నేడు మన దేశమున పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలలో బండిని తిరుగు రోలర్లపై నిలిపి, నిర్ణీత వేగములలో నడిపి కొలుతురు. అచ్చట గుంతలు లేవు, ఎదురుగాలి లేదు, సంతనాటి రద్దీ లేదు. కావుననే ప్రకటనలోని అంకె ఇంటి బండికి దొరకదు. ఇంటి అంకె కావలెనన్న, తండ్రిగారి స్కూటరు ట్యాంకు నిండుగా పోయించి మీటరు అంకె వ్రాసికొనుడు. కొన్ని దినములు తిరిగిన పిమ్మట అదే బంకులో మరల నిండుగా పోయించి, నడిచిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగింపుడు. మూడు మారులైనను చేయవలెను. ట్యాంకు నిండుట ఒక్కొక్కసారి ఒక్కొక్క తీరున నుండును.