మిగ్-21 బొమ్మ కిట్టును సరిచేసుకోవడం ఎలా?

 

స్టడీ హాలు కిటికీలో ఉన్న బూడిద రంగు విమానాన్ని మీరందరూ చూసే ఉంటారు. "ఎక్కడ కొన్నవురా?" అని చాలామంది అడిగిన్రు. అది కొంత కొన్నది, కొంత చేసింది. మొదట ఎట్లుండెనో, ఎట్లా చెడగొట్టిననో, మళ్లా ఎట్లా బాగుచేసిననో ఈ వ్యాసంలో రాస్తున్నాను. మీలో ఎవరికైనా ఇలాంటి కిట్టు దొరికితే నేను చేసిన తప్పు మీరు చేయకూడదని నా కోరిక.

కిట్టు ఎట్లా వచ్చింది?

మా నాయన హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోతడు. పోయిన దసరాకు తండాకు వచ్చినప్పుడు ఒక డబ్బా తెచ్చిండు. ఫుట్‌పాత్ మీద కొన్నడట. డబ్బా మీద మిగ్-21 బైసన్ బొమ్మ ఉన్నది. లోపల ప్లాస్టిక్ పుల్లల చట్రానికి అంటుకొని ముప్పై దాకా ముక్కలున్నయి. సంతోషంతో పెబ్బేరుకు తెచ్చుకున్న. హాస్టల్‌లో విప్పి చూస్తే ఒక రెక్క వంగి ఉన్నది. పైలెట్ సీటు అగ్గిపుల్ల ముక్కలెక్క ఉన్నది. రెండు సగాలు కలిపితే నడుమ సందులో గోరు దూరుతది. పక్క బెడ్డు దోస్తు "ఇది విమానమా, ఎండిన చేపనా?" అని నవ్విండు. నాకు బాధయింది. నాయనకు ఫోన్‌లో "మంచిగున్నది" అనే చెప్పిన.

అసలు విమానం గురించి కొంత

మిగ్-21 సోవియట్ రష్యాలో తయారైన యుద్ధ విమానం. శబ్దం కన్నా రెండింతల వేగంతో పోగలదు. మన వైమానిక దళంలోకి 1963లో వచ్చింది. 1971 యుద్ధంలో పాల్గొన్నది. నాసిక్‌లోని హెచ్.ఎ.ఎల్. కర్మాగారంలో వీటిని మన దేశంలోనే తయారుచేశారు. దాని ఎలక్ట్రానిక్ పరికరాల కోసం మన హైదరాబాదు బాలానగర్‌లో కూడా హెచ్.ఎ.ఎల్. విభాగం పెట్టారు. 62 ఏళ్లు పనిచేసి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నది.

నా మొదటి తప్పు

మా సైన్సు సార్‌కు చూపిస్తే ఆయన ఒక సంగతి చెప్పిండ్రు. మోడల్స్ చేసేవాళ్ల కోసం విడిగా భాగాలు కూడా అమ్ముతారట. రెజిన్‌తో పోసిన సీట్లు, పలుచని ఇత్తడి రేకులో చెక్కిన మీటర్ల పలక, నీటిలో నానబెట్టి అంటించే స్టిక్కర్లు (వీటినే డెకాల్స్ అంటారు), ఇట్లా ఎన్నో ఉన్నయి. చెక్ దేశంలోని ఎడ్వర్డ్ వంటి కంపెనీలు ఇవే చేస్తాయి. అన్నీ కొంటే కిట్టు ధర కన్నా ఎన్నో రెట్లు అవుతుంది. సార్ రెండే తెప్పించిండ్రు: ఒక రెజిన్ సీటు, ఒక డెకాల్ కాగితం.

అవి రాగానే నాకు ఆత్రం ఆగలేదు. రాత్రి స్టడీ అవర్‌లోనే విమానం అతికించేసి, సీటు పెట్టి, ముక్కు మీద డెకాల్ అంటించిన. తెల్లారి చూస్తే సీటు ఎత్తుకు పై అద్దం మూసుకోలేదు. రెక్క వంకర అట్లనే ఉన్నది. సార్ చూసి కోపం చేయలేదు. "రెక్క కొలిచినవా?" అని ఒక్కటే ప్రశ్న అడిగిండ్రు. నేను కొలవలేదు.

కొలత ముందు

కిట్టు స్కేలు 1:72. అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లు బొమ్మలో 1 సెంటీమీటరు. మిగ్-21 రెక్కల మొత్తం వెడల్పు సుమారు 7.15 మీటర్లు.

7150 మి.మీ. ÷ 72 = 99 మి.మీ. (సుమారు)

నా బొమ్మలో కొలిస్తే 104 మి.మీ. వచ్చింది. ఐదు మిల్లీమీటర్లే కదా అనుకున్న. కాని 5 × 72 = 360 మి.మీ. అంటే అసలు విమానానికి 36 సెంటీమీటర్ల రెక్క ఎక్కువ పెట్టినట్టు. మన జామెట్రీ బాక్సు స్కేళ్లు రెండు కలిపినా అంత పొడవు రాదు.

తర్వాత కోణం. మిగ్-21 రెక్క త్రిభుజాకారం. దీన్ని డెల్టా రెక్క అంటారు. దాని ముందు అంచు 57 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. కోణమానిని రెక్క వెనుక అంచుకు ఆనించి చూస్తే నా బొమ్మలో కోణం సరిపోయింది. అంటే కోణం మంచిదే, కొసలే పొడుగు. మిగ్ రెక్క కొస సూదిగా ఉండదు, కత్తిరించినట్టు ఉంటది. కాబట్టి ఒక్కో కొసకు రెండున్నర మిల్లీమీటర్లు అరగదీస్తే కోణం మారకుండానే వెడల్పు సరిపోతది. దీనికి పైసా ఖర్చు లేదు.

సరిచేసిన వరుస

1. అతుకులు పూర్తిగా ఎండకముందే కాబట్టి మెల్లగా విప్పగలిగిన. మీరు మాత్రం గమ్ పెట్టకముందే రబ్బరు బ్యాండ్లతో కట్టి అన్ని ముక్కలూ కూడుతున్నయా లేదా చూడండి.

2. వంగిన రెక్కను సార్ వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక రెండు పలకల నడుమ అదిమి చల్లారనిచ్చిండ్రు. వేడినీళ్లు వంటమ్మ ఇచ్చింది. ఈ పని పెద్దలే చేయాలి.

3. రెక్క కొసలను వాటర్ పేపర్‌తో, నీళ్లు చల్లుకుంటూ అరగదీసిన. రెజిన్‌ను పొడిగా ఎప్పుడూ రుద్దకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడు చేస్తది. తడిగానే రుద్దాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

4. సందులు పూడ్చడానికి మందు కొనలేదు. మిగిలిన చట్రం పుల్లలను చిన్న ముక్కలు చేసి, గోళ్లరంగు తీసే అసిటోన్‌లో వేస్తే కరిగి పేస్టులెక్క అయితది. అదే ప్లాస్టిక్ కాబట్టి ఎండినాక ఒకటే తీరుగ కలిసిపోయింది. ఇది వరండాలో గాలి తగిలేచోట సార్ ముందర చేసినం. అసిటోన్ దగ్గర మంట ఉండకూడదు.

5. మిగ్ మూడు చక్రాల మీద నిలబడాలి. తోక బరువైతే వెనక్కి పడుతది. ముక్కులో ఉండే శంఖువు లోపల సైకిల్ షాపులో పారేసిన బేరింగ్ గుండ్లు నాలుగు పెట్టినం.

6. సీటు అడుగున అరగదీసి ఎత్తు తగ్గించినం. పై అద్దం మూసుకున్న తర్వాతనే అతికించినం.

7. గాలి వేగం కొలిచే గొట్టాన్ని పిటాట్ గొట్టం అంటారు. కిట్టులో అది ముక్కు పైన సరిగ్గా నడుమ ఉన్నది. పుస్తకంలో ఫోటో చూస్తే బైసన్‌కు అది నడుమ ఉండదు, పైలెట్‌కు కుడివైపు జరిగి ఉంటది. నడుమ ఉండేది పాత రకానికి, అంటే మన దళంలో టైప్-77 అని పిలిచిన మిగ్-21 ఎఫ్.ఎల్.కు. దాన్ని తీసి కుడికి జరపాలంటే ముందే అంటించిన డెకాల్ చెడిపోయింది. నా తొందరకు శిక్ష అదే. ముక్కు మీది ఆ గుర్తు ఇప్పుడు నేను బ్రష్షుతో వేసినదే. దగ్గరికి పోయి చూస్తే తెలుస్తది.

8. రంగు ఎండిన తర్వాత మెరుపు వార్నిష్ వేసి, ఆఖరున డెకాల్స్. గరుకు రంగు మీద అంటిస్తే కింద గాలి చేరి వెండిలెక్క మెరుస్తది.

అసలు విమానానికీ ఇట్లనే చేశారు

ఇది తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమైంది. బైసన్ అనేది కొత్త విమానం కాదు. పాత మిగ్-21 బిస్ విమానాలు సుమారు 125 తీసుకొని, వాటికి కొప్యో అనే కొత్త రష్యా రాడార్, కొత్త క్షిపణులు, కొత్త పరికరాలు అమర్చారు. 2000 తర్వాత అవి దళంలో చేరాయి. కాని రెక్కలూ, ఇంజనూ పాతవే. కొత్త రాడార్‌తో చూపు పెరిగింది గాని ఒంటి వయసు తగ్గలేదు. మిగ్-21లకు ప్రమాదాలు చాలా జరిగి ఎందరో పైలెట్లు ప్రాణాలు కోల్పోయారు. ఆఖరుకు వాటిని విరమింపజేయవలసి వచ్చింది. విడి భాగం ఏది బాగుచేయగలదు, ఏది బాగుచేయలేదు అన్నది తెలుసుకోవాలి. బొమ్మకైనా, విమానానికైనా.

నాయన వచ్చిన రోజు

పోయిన ఆదివారం నాయన చూడడానికి వచ్చిండు. విమానాన్ని చేతిలోకి తీసుకొని, ఒక కన్ను మూసి రెక్క అంచు వెంబడి చూసిండు. సెంట్రింగ్ పలకలు అట్లనే చూస్తడట.

"ఇది నేను కొన్నప్పుడు వంకరుండె గదా బిడ్డా?" అన్నడు.

ఆయనకు ముందే తెలుసు! నేను ఫోన్‌లో చెప్పిన అబద్ధం గుర్తుకొచ్చి తల దించుకున్న. "అవు నాయనా, నువ్వు బాధపడతవని చెప్పలే" అన్న.

"పైసలు అన్నే ఉండె. నీకు సరిచేసుడు వస్తదో రాదో అనుకున్న" అన్నడు. తర్వాత చాలాసేపు కొలతల సంగతే అడిగిండు. 72తో భాగించే లెక్క ఆయన నోటితోనే చేసిండు. నాకు కాగితం కావలసి వచ్చింది.

గుర్తుంచుకోవలసినవి

• ముందు కొలత, తర్వాత అతుకు, ఆఖరున అలంకారం.
• చేత్తో చేయగలిగింది కొనవద్దు. సీటు, డెకాల్స్ వంటివి చేయడం కష్టం, అవి కొనవచ్చు.
• ఏ రకం విమానమో తేల్చుకోకుండా విడి భాగాలు కొనవద్దు.
• అసిటోన్, వేడినీళ్లు, బ్లేడు ఉన్న పని సార్ ముందరే చేయాలి.

మీకొక లెక్క: మన దేశంలో తయారైన తేజస్ విమానం రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. 1:72 స్కేలులో ఎన్ని మిల్లీమీటర్లు? జవాబు రాసి కాగితం స్టడీ హాలు డబ్బాలో వేయండి. సరిగ్గా చెప్పినవాళ్లకు నా దగ్గర మిగిలిన వాటర్ పేపర్, బేరింగ్ గుండ్లు ఇస్తాను.

– మీ తోటి విద్యార్థి, 9వ తరగతి