పరిగె గింజలు

చిట్టితల్లీ,

గుడికి వెళ్ళని నానమ్మ, ఒక్క ఉపవాసమైనా ఉండని నానమ్మ స్వర్గానికి వెళ్ళి ఉంటుందా అని అడిగావు. పదకొండో రోజున పంక్తిలో ఎవరో అన్న మాట నీ చెవిన పడిందన్నమాట. వాళ్ళ సంగతి అటుంచు, ఇన్నేళ్ళు ఆవిడ చేతి ముద్ద తిన్నదానివి, నీకెందుకొచ్చిందే ఈ అనుమానం? పైగా పరీక్షలు ముందు పెట్టుకుని రాత్రి రెండింటికి ఉత్తరం రాయడం ఒకటి! సరే, అడిగావు కాబట్టి విను.

దసరా సెలవుల్లో అరణ్యపర్వం చదువుతూ, నన్నయ పద్యాలు అయిపోయి ఎఱ్ఱన అందుకున్న చోట ఆపేశాం. ఇంకొంత దూరం వెళ్ళుంటే ముద్గలుడు తగిలేవాడు. కురుక్షేత్రంలో ఉండే ముని. పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు. 15 రోజులు ఏరితే ద్రోణమెడు పోగయ్యేవి. ద్రోణమంటే ఎంతో తలో లెక్క చెబుతారు, అది వదిలెయ్. అమావాస్యకీ పున్నమికీ వాటితోనే దేవతలకి పెట్టి, అతిథులకి పెట్టి, మిగిలింది భార్యాబిడ్డలతో కలిసి తినేవాడు. దుర్వాసుడు పిచ్చివాడి వాలకంతో వచ్చి ఉన్నదంతా తిని, ఎంగిలి ఒంటికి పూసుకుని పోయాడు. అలా 6 సార్లు. ముద్గలుడు విసుక్కోలేదు. అప్పుడు దేవదూత విమానంతో దిగాడు, బొందితో స్వర్గానికి రమ్మని.

నాకు ఆ ముని నచ్చేది ఇక్కడే. పిల్లనిచ్చే ముందు ఆ ఊరి నీళ్ళెలాంటివో వాకబు చేసే తండ్రిలాగ, అక్కడ మంచేమిటి, చెడేమిటి రెండూ చెప్పమన్నాడు. దూత దాచలేదు. ఆకలి ఉండదు, దప్పిక ఉండదు, ముసలితనం రాదు, చెమట పట్టదు, మెడలో దండ వాడదు అన్నాడు. ఆ తరవాత అసలు సంగతి. అక్కడ చేసుకున్నది అనుభవించడమే, కొత్తగా చెయ్యడానికేం ఉండదు. నిలవ తరిగిపోతుంటుంది. తనకన్నా వైభోగంగా ఉన్నవాణ్ణి చూస్తే అక్కడా కడుపుమంటే. దండ వాడిందంటే దిగే వేళయిందని గుండెల్లో రాయి. ముద్గలుడు దండం పెట్టి దూతని పంపేసి ఇక్కడే ఉండిపోయాడు.

గింజలేరడమంటే హాస్టల్లో కూర్చున్న నీకు బొమ్మ కట్టదు. మన వైపు దాన్నే పరిగె అంటాం. కోతమిషన్లొచ్చాక ఏరేవాళ్ళే కనబడటం లేదు. నా కుర్రతనంలో మాత్రం కోత కాగానే ఆడవాళ్ళు చేల్లో దిగి, వంచిన నడుం ఎత్తకుండా కంకీ కంకీ ఏరి ఒళ్ళో వేసుకునేవారు.

నాకప్పటికి ముప్పయ్యేళ్ళు లేవు. కార్తీక పున్నమి, ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పొద్దున్నే చేలోకి వెళితే, పనలింకా కట్టలే కట్టలేదు, ఓ ముసలావిడ దిగి పరిగె ఏరుతోంది. పనల్లోంచి దూసేస్తోందని అనుకున్నాను. కళ్ళారా చూసింది లేదు. ఒడి విప్పించాను. మట్టితో కలిపి దోసెడు గింజలు. వాటినీ మా పనల మీదే పోయించాను. ఆవిడ కొంగు దులుపుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి తలంటుకుని పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాను. ఉట్టికెక్కలేనమ్మ సామెత తెలుసుగా, ఆ అమ్మని నేనే.

పాలేరు చెప్పేసినట్టున్నాడు. మీ నానమ్మ పీటల మీదకి రాలేదు. కుంచం నిండా బియ్యం కొలిచి మూట కట్టుకుని, "పంతులుగారిని కాసేపు కూర్చోమనండి" అని గడప దాటింది. ముసలావిడ ఇల్లు ఊరి చివర. గంటన్నర సేపు నేను కలశం ముందు కొబ్బరికాయ పీచు పీక్కుంటూ కూర్చున్నాను. పంతులుగారు నా మొహం చూడకుండా తమలపాకులు సర్దిందే సర్దారు. ఆవిడ వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుని, "కానివ్వండి" అంది. తరవాత 50 ఏళ్ళలో ఆ ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. మరుసటేడు నుంచి మాత్రం తూర్పు గట్టు వారన నాలుగు పనలు కట్టకుండా వదిలెయ్యమని కూలీలకి తనే చెప్పేది. ఆ కుంచం నువ్వెరుగుదువు, అడుగున సొట్ట. సొట్ట మూలంగా కొలత తగ్గుతుందని, ఎవరికి కొలిచినా పైన ఇంకో గుప్పెడు పోసేది.

నమ్మకం మాటా అడిగావు. నేను రోజూ గుడికి వెళతాను, నాకది కావాలి. దీపం దగ్గర కూర్చుంటే ఆ దోసెడు గింజలు గుర్తొస్తాయి, అందుకూ వెళతాను. ఆవిడకి ఆ అవసరం పడలేదు. నీకెలా తోస్తే అలా చెయ్యి గానీ, నన్ను చూసి వెళ్ళకు, ఆవిడని చూసి మానకు.

స్వర్గానికంటావా, వెళ్ళే ఉంటుంది. నా బెంగ అది కాదు. అక్కడ ఆకలుండదన్నాడుగా దూత. గుమ్మంలోకొచ్చినవాళ్ళని "అన్నం తిన్నావా" అని అడగకుండా మీ నానమ్మకి అక్కడ పొద్దెలా పోతోందో.

సంక్రాంతికి రా, ఎఱ్ఱన దగ్గర్నుంచి మొదలెడదాం.

మీ తాతయ్య