రాజకుమారుడికి ఇంగ్లీషు నేర్పిన గురువు



“ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో తెలుగు మానెయ్యాలా?” అని మన హోసూరులో చాలామంది తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. వారికి నేను తంజావూరు సంగతి చెబుతాను.

క్రిస్టియన్ ఫ్రెడరిక్ ష్వార్ట్జ్ 1726లో పుట్టిన జర్మన్ క్రైస్తవ బోధకుడు. 1750లో తరంగంబాడి చేరి తమిళం నేర్చుకున్నారు. ఇంగ్లీషు కూడా ఆయన మాతృభాష కాదు, కష్టపడి నేర్చుకున్నదే. 1779లో హైదర్ అలీ దగ్గరకు ఇంగ్లీషువారు ఆయననే దూతగా పంపారు.

1787లో తంజావూరు రాజు తుళజాజీ చనిపోతూ, పదేళ్ల దత్తపుత్రుడు శరభోజిని ఆయనకు అప్పగించారు. తరువాత గద్దెనెక్కిన అమరసింహుడు బాలుణ్ణి నిర్బంధించి చదువు సాగనివ్వలేదు. ష్వార్ట్జ్ పట్టు వదలలేదు. కంపెనీవారికి చెప్పి, 1793లో అతణ్ణి మద్రాసు చేర్పించి చదివించారు. 1798 ఫిబ్రవరిలో గురువు కన్నుమూశారు. అదే ఏడు శిష్యుడు రాజయ్యాడు.

శరభోజి ఐరోపా పుస్తకాలెన్నో తెప్పించుకున్నాడు. అయినా ఇంటి భాషను వదల్లేదు. ప్రపంచ భూగోళాన్ని చెప్పే ‘దేవేంద్ర కురవంజి’ని మరాఠీలోనే రాశాడు. తెలుగు నాయక రాజుల కాలంలో మొదలైన సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని పెంచాడు. అక్కడ తెలుగు తాళపత్రాలు నేటికీ భద్రంగా ఉన్నాయి.

విద్యార్థులకు అభ్యాసం: రోజూ ఒక ఇంగ్లీషు పేరా చదివి, దాని అర్థం అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతే పాఠం ఇంకా రాలేదని అర్థం.

తల్లిదండ్రులకు మనవి: మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని వినండి, చాలు.