నడివయస్సున వ్యాయామము – పనిచేయు సత్తువ

“దినమెల్ల పొలములో రెక్కలు ముక్కలు చేసికొనుచున్నాము, మాకు వేరుగా వ్యాయామ మెందులకు?” అని సభ్యులు కొందఱు మమ్ము నడుగుచుందురు. ఏతము త్రొక్కి, నాగలి పట్టి, కల్లమునకు మోపులు మోసిన కాలమున ఈ ప్రశ్న సరియైనదే. నేడు ట్రాక్టరు దున్నుచున్నది, మోటారు నీరు తోడుచున్నది, యంత్రము కోయుచున్నది. పొలమునకు పోవుటయు మోటారు సైకిలుమీదనే. 45 ఏండ్ల రైతు ఏటికి కొన్ని వారములు నడుము విఱుగ పనిచేసి, తక్కిన దినములలో పెక్కింటిని అరుగుమీద గడపుచున్నాడు. పదియేండ్ల క్రిందట ఎరువుబస్తా తానే భుజమున వేసికొన్న మనిషి, నేడు సంఘపు గోదాము వాకిట హమాలీకొఱకు చూచుచున్నాడు. అడిగినచో “వయసు మీఱినది” అనును. సత్తువను హరించినది నిజముగా వయస్సేనా?

అమెరికాలోని డల్లాసు నగరమున జరిగిన యొక పరీక్ష దీనికి సమాధానము నిచ్చుచున్నది. 1966లో అచ్చటి వైద్యులు 20 ఏండ్ల ఆరోగ్యవంతులగు యువకుల నైదుగురను మూడు వారములు మంచము దిగనీయలేదు. గట్టిగా శ్రమించునపుడు దేహము నిమిషమునకు ఎంత ప్రాణవాయువును వాడుకొనగలదో ముందును, తరువాతను కొలిచిరి. మనము దమ్మనునది ఇంచుమించుగా ఇదియే. మూడు వారములలో అది నూటికి సుమారు 27 వంతులు తగ్గెను. 1996లో ఆ యైదుగురినే మరల పిలిచి కొలువగా, ముప్పదియేండ్ల వయస్సు తీసికొన్నది, నాటి మంచము తీసికొన్న దానిలో సగమైనను లేదు. పిమ్మట 50 ఏండ్ల ఆ మనుష్యులచేత ఆరు నెలలు నడక, మెల్లని పరుగు, సైకిలు త్రొక్కుట చేయించిరి. కొలదిగా మొదలిడి తుదకు వారమునకు నాలుగున్నర గంటలవఱకు పెంచిరి. 1966లో మంచమెక్కక పూర్వము వారికెంత దమ్ముండెనో, సగటున అంతయు మరల వచ్చెను.

పరీక్షకు నిలిచినవారు అయిదుగురే. ఈ యంకెలే అందఱికిని వర్తించునని మేము చెప్పము. అయినను వయస్సుపై మోపు నేరములో పెద్దపాలు కదలకుండుటదే యని తెలియుటకు ఇది చాలును. జ్వరము విడిచిన పిమ్మటను నెలదినములు మంచము విడువని యలవాటు మన యిండ్లలో నింకను కలదు. వైద్యుడు లేవవచ్చునన్న నాడే లేచి నడచుట మేలు.

ఫిన్లండు దేశమున పురపాలక సంఘముల పనివారిని 1981 మొదలు 1992 వఱకు గమనించిరి. నడివయస్సు దాటుచుండియు పనిచేయు సామర్థ్యము మెఱుగైన వారియందు మూడు విషయములు కానవచ్చెను: తీరికవేళ వ్యాయామము పెరుగుట, పనిలో ఒకే తీరు కదలికలు తగ్గుట, పైవాని యాదరము హెచ్చుట. రెండవ దానిని రైతు గట్టిగా గుర్తుంచుకొనవలయును. దినమెల్ల వంగి నాట్లు వేయుట, కలుపు తీయుట శ్రమయే. నడుమును, మోకాళ్లను అరుగదీయునేగాని దమ్మును పెంచునది తక్కువ. ఈ భారము మన స్త్రీలపైననే హెచ్చు. నాటు వేసి వచ్చిన యిల్లాలికి ఆ సాయంకాలము కావలసినది వ్యాయామోపదేశము కాదు, వంటయింట చేయి కలుపు మగవాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన కొలత, వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యరకపు శ్రమ. కండలు బలపడు పని రెండు దినములైనను. మాటలాడగలిగియు పాట పాడలేనంత వేగముగా నడచుట మధ్యరకపు శ్రమ. పొలము మైలు దూరమైనచో మోటారు సైకిలును ఇంటనుంచుటతోనే చాలవఱకు నెరవేఱును. కండలకై చేతులానక పీటమీదనుండి పలుమారు లేచుట, గోడకు చేతులుంచి దేహమును త్రోయుట, సగము నింపిన సంచిని మోకాళ్లు వంచి, నడుము వంపక ఎత్తుట చాలును. నాట్ల వారములలోను, కోతల వారములలోను దీనిని మానవచ్చును. వేసవి తీరికలో మాత్రము మానరాదు. ఎండ ముదురకముందే ముగింపవలెను.

మొదటి పక్షము దినమునకు పది నిమిషములు మించరాదు. రక్తపుపోటుగాని, మధుమేహముగాని, గుండెజబ్బుగాని కలవారు ముందుగా వైద్యునడిగి మొదలుపెట్టవలయును. నడచుచుండగా ఛాతీ బిగిసినను, తల తిరిగినను వెంటనే ఆగి, ఆ దినముననే వైద్యుని చూడవలెను.