పది రోజులకే డోసు పెంచకు

చి. శ్రావణికి,

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టి పది రోజులైనా నీరసం తగ్గలేదనీ, డోసు నువ్వే పెంచేసుకుందామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ పని మాత్రం చెయ్యకు. ఆరు వారాలు ఆగి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ చూద్దామని మీ డాక్టరు ఊరికే అనలేదు.

నువ్వు వేసుకునేది టీ4, నాలుగు అయోడిన్ పరమాణువులున్న హార్మోను. కాలేయం, మూత్రపిండాల లాంటి చోట్ల సెలీనియం ఉన్న ఎంజైములు అందులోంచి ఒక అయోడిన్‌ని తీసేస్తే టీ3 అవుతుంది. అసలు పని దానిది. అది కణకేంద్రకంలో తన గ్రాహకాన్ని పట్టుకుని, ఫలానా ప్రోటీన్లు చెయ్యమని జన్యువులకి పురమాయిస్తుంది. దాంతో మైటోకాండ్రియాలు పెరుగుతాయి; చక్కెరా కొవ్వూ చురుగ్గా కరిగి, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. సోడియం-పొటాషియం పంపులు, కండరాల్లోని కాల్షియం పంపులు ఆ ఏటీపీని ఖర్చుపెడతాయి. ఈ జమాఖర్చుల్లో పుట్టే వేడే మన ఒంటి వెచ్చదనం. మొన్న మే ఎండల్లో కూడా ఫ్యాను ఆపమని ఇంట్లో అందరితో పోట్లాడావు చూడు, అదీ ఈ హార్మోను తక్కువవ్వడం వల్లే! జర్మనీలో మాగ్నుస్-లేవి అనే వైద్యుడు 1895లోనే, థైరాయిడ్ మందిస్తే మనిషి వాడే ఆక్సిజన్ పెరుగుతుందని కొలిచి చూపించాడు.

తాగగానే లేచి కూర్చోడానికి ఇది గ్లూకోజు నీళ్లు కాదమ్మా. ప్రోటీన్లు తయారవ్వాలి, మైటోకాండ్రియాలు పెరగాలి. పైగా రక్తంలో టీ4 సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి, రోజూ వేసుకుంటున్నా దాని పరిమాణం ఒక స్థాయిలో నిలబడేసరికి ఐదారు వారాలవుతుంది. తొందరపడి ఎక్కువ వేసుకుంటే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి.

మాత్ర ఒంటికి సరిగా పట్టకపోవడానికి అసలు నా అనుమానం మీ ఇంటి కాఫీ మీద. పొద్దున్నే మాత్ర నోట్లో వేసుకుని, వెంటనే గ్లాసు అందుకుంటావని నాకు తెలుసు. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట ఆగు. గంటైతే మరీ మంచిది. ఐరన్, కాల్షియం మాత్రలుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి, రాత్రికి మార్చుకో. జుట్టు కోసం కొన్న బయోటిన్‌ వల్ల రిపోర్టు తప్పుగా రావచ్చు, రక్తం ఇచ్చే రెండు రోజుల ముందే ఆపెయ్యి, డాక్టరుకీ చెప్పు.

రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మీ అత్తయ్య