ఖదీజా షా: గోల్స్ కాలమ్‌లో కనిపించని ఆట

జమైకా తరఫున ఫుట్‌బాల్‌లో ఎక్కువ గోల్స్ కొట్టింది ఎవరు? మగవాళ్ళ జట్టు, ఆడవాళ్ళ జట్టు రెండూ కలిపి లెక్కేసినా జవాబు ఖదీజా షా. ఇప్పుడు రెండో ప్రశ్న. 2019, 2023 ప్రపంచ కప్‌లు రెండూ ఆడిన షా వాటిలో ఎన్ని గోల్స్ కొట్టింది? సున్నా.

కోడ్ రాసే మనలాంటి వాళ్ళకి ఇలాంటి డేటా కనిపిస్తే ముందు బగ్ ఉందనే అనుమానం వస్తుంది. కానీ రెండు అంకెలూ నిజమే. ఈ రెండూ ఒకే మనిషివి ఎలా అయ్యాయో చూద్దాం.

స్పానిష్ టౌన్ నుంచి

షా 1997 జనవరి 31న జమైకాలోని స్పానిష్ టౌన్‌లో పుట్టింది. పదముగ్గురు పిల్లల్లో ఆఖరిది. నాన్న చెప్పులు తయారుచేసేవాడు, అమ్మ కోళ్ళు పెంచేది. చిన్నప్పుడు క్యారెట్లు తెగ తినేదని ఇంట్లో 'బన్నీ' అని పిలిచారు. ఇప్పటికీ అభిమానులకి ఆమె బన్నీ షానే. ఆ ఇల్లు చూసిన కష్టం మాత్రం మాటల్లో చెప్పేది కాదు. తుపాకీ హింసలో ఆమె అన్నల్లో కొందరు చనిపోయారు.

ప్రతిభ ఉంది సరే, ఆడటానికి జట్టు ఉండాలి కదా! 2010లో డబ్బుల్లేక జమైకా మహిళల జట్టు మూతపడింది. 2014లో బాబ్ మార్లే కూతురు సెడెల్లా మార్లే పూనుకుని నిధులు సేకరించాకే మళ్ళీ ఊపిరి పోసుకుంది. 2015లో షా సీనియర్ జట్టులోకి వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడి, టెన్నెసీ యూనివర్సిటీ దాకా వెళ్ళింది. చదువూ ఆటా రెండూ అక్కడే సాగాయి.

2018 అక్టోబర్‌లో పనామాపై పెనాల్టీ షూటౌట్‌లో గెలిచి, మహిళల ప్రపంచ కప్‌కి వెళ్ళిన మొదటి కరీబియన్ జట్టు అయింది జమైకా. ఆ మ్యాచ్‌లో మొదటి గోల్ షాదే.

తర్వాత క్లబ్ ఆట. ఫ్రాన్స్‌లో బోర్డో తరఫున 2020–21 సీజన్‌లో 22 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్. 2021లో మాంచెస్టర్ సిటీకి మారింది. 2023–24లో ఇంగ్లండ్ మహిళల సూపర్ లీగ్‌లో 21 గోల్స్‌తో గోల్డెన్ బూట్ అందుకుంది.

రెండు ప్రపంచ కప్‌లు, ఒకే అంకె

నాకు బాగా ఆసక్తి కలిగించిన లెక్క ఇది. 2019లో జమైకా బ్రెజిల్ చేతిలో 0-3, ఇటలీ చేతిలో 0-5, ఆస్ట్రేలియా చేతిలో 1-4 తేడాతో ఓడింది. కొట్టిన గోల్ ఒక్కటి (హవానా సొలాన్‌ది), ఇచ్చినవి 12. ఇంటికి వచ్చేసింది.

2023లో గ్రూప్ దశలో కొట్టిన గోల్స్ ఎన్ని? మళ్ళీ ఒక్కటే! కానీ ఈసారి ఇచ్చినవి సున్నా. ఫ్రాన్స్‌తో 0-0, పనామాపై 1-0, బ్రెజిల్‌తో 0-0. ఐదు పాయింట్లతో నాకౌట్‌కి వెళ్ళింది. జమైకా మగవాళ్ళ జట్టు కూడా ఎప్పుడూ అంతదూరం వెళ్ళలేదు. అక్కడ కొలంబియా చేతిలో 0-1తో ఆగింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఫ్రాన్స్ మ్యాచ్ చివర్లో షాకి రెడ్ కార్డ్ పడింది. అందుకే పనామా మ్యాచ్ ఆడలేదు. ఆ ఒక్క గోల్ కొట్టింది డిఫెండర్ అలిసన్ స్వాబీ.

మరి షా లేకపోయినా పర్వాలేదా? అలా అనుకుంటే 2022 జూలైకి వెళ్ళాలి. అర్హత టోర్నీలో మెక్సికోని వాళ్ళ గడ్డమీదే 1-0తో ఓడించిన గోల్ షాది. ఆ గోల్స్ లేకపోతే ప్రపంచ కప్ టికెట్టే కష్టం. టికెట్ దొరికాక గోల్ ఇవ్వని డిఫెన్స్ లేకపోతే 2019 కథే మళ్ళీ.

అసలు ఆ జట్టు 2023 టోర్నీకి ఎలా వెళ్ళిందో తెలుసా? సన్నాహాలు, ప్రయాణాలు, వసతి, పారితోషికం ఏవీ సరిగ్గా లేవని ఆటగాళ్ళు బహిరంగ లేఖ రాశారు. షా కూడా దాన్ని సోషల్ మీడియాలో పెట్టింది. ఒక ప్లేయర్ వాళ్ళమ్మ ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించింది. ఐరోపాలో పేరున్న స్ట్రైకర్‌కి తన గురించి మాత్రమే అడగడం తేలికే. ఆమె జట్టుతో కలిసి అడిగింది. దీనికీ స్కోర్‌షీట్‌లో కాలమ్ లేదు.

సీజీపీఏ, ప్యాకేజీ, ర్యాంక్ అంటూ మనల్ని కూడా ఒక్క కాలమ్‌తోనే కొలుస్తున్న రోజులివి. అందుకే ఈ కెరీర్ నాకు నచ్చింది. వీలైతే 2023 జమైకా–బ్రెజిల్ మ్యాచ్ హైలైట్స్ కాకుండా మొత్తం చూడండి. బంతి షా దగ్గర లేనప్పుడు కూడా ఆమెని కాపలా కాయడానికి బ్రెజిల్ డిఫెండర్లు ఎక్కడ నిలబడుతున్నారో గమనించండి. గోల్ ఒక్కటీ ఉండదు, అయినా బోర్ కొట్టదు. నాదీ గ్యారంటీ!