పంపు సీలు తెంపకముందు



వేట నిషేధంలో బోటుకి కొత్త ట్యాంకు పెట్టించి, హోస్ పైపులు మార్చి, ఇంకో ఫిల్టరు అదనంగా బిగించావని మీ అమ్మ చెప్పింది. జూన్ 15న అందరితోపాటు విశాఖ హార్బరు దాటావట గానీ, వల దించి లాగుడు మొదలెట్టేసరికి ఇంజను రేసు పడిపోతోందట. మెకానిక్కేమో ఎఫ్‌ఐపీ (ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు) సీలు తెంపి డీజిల్ పెంచుదామంటున్నాడట. ఆగు. ఏప్రిల్ 14 దాకా అదే పంపుతో అదే వల లాగావు. తర్వాత పంపును ముట్టుకున్నవాడు లేడు. ముట్టుకున్నది ట్యాంకు, పైపులు, ఫిల్టరు. వెతుకులాట అక్కడే మొదలెట్టాలి. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను, ఈ కాగితం ఇంజను గదిలో ఉంచుకో.

జెట్టీ దగ్గర న్యూట్రల్‌లో రేసు ఇచ్చి "బాగానే ఉంది" అనడం పరీక్ష కాదు. ఖాళీగా తిరిగే ఇంజనుకి డీజిల్ కొంచెం చాలు. లోడు పడితేనే ఎక్కువ అడుగుతుంది, దారిలో ఉన్న ఇరుకూ లీకూ అప్పుడే బయటపడతాయి.

నా మొదటి అనుమానం గాలి మీద. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ని పంపు లాక్కుంటుంది. ఆ వైపు జాయింటు వదులైతే బయటికి చుక్క కారకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. చిల్లుపడ్డ స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగి చూడు, తెలుస్తుంది. పైపు పొడిగా ఉంది కదా అని చాలామంది ఇక్కడే మోసపోతారు. పాత రాగి వాషర్లే మళ్లీ వేశారేమో అడుగు. ఒకసారి నలిగినవి రెండోసారి సరిగా కూర్చోవు. క్లిప్పు కింద హోస్ చీలిందా, ఫిల్టరు గిన్నె రబ్బరు రింగు మెలిపడిందా చూడు. పొద్దున్నే స్టార్టయి, కాసేపు తిరిగి ఆగిపోతోందంటే, రాత్రి ఆ సందులోంచి గాలి దూరి డీజిల్ వెనక్కి జారి ఉంటుంది. ఫీడ్ పంపు ముందు డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్క బిగిస్తే బుడగలు నీ కళ్లకే కనిపిస్తాయి.

ఇంకా తేలికైన పరీక్ష క్యాను. శుభ్రమైన డీజిల్ నింపిన క్యాను సైలెన్సరుకి దూరంగా కట్టి, పొట్టి హోస్‌తో నేరుగా ఫీడ్ పంపుకి ఇవ్వు. రిటర్న్ పైపు కూడా అందులోకే పెట్టు. గాలి తీసి, బోటుని గట్టి తాళ్లతో జెట్టీకి కట్టి, గేరు వేసి లోడు ఇవ్వు. లాగిందా, తప్పు నువ్వు కొత్తగా పెట్టినవాటిలోనే ఉంది. అప్పుడు ఫిల్టరు, పైపు, ట్యాంకు ఒక్కొక్కటే తిరిగి కలుపుతూ రా. అన్నీ ఒకేసారి సర్దేస్తే ఏది బాగుచేసిందో తెలీదు, వచ్చే నెల మళ్లీ ఇదే గోల.

ఆ అదనపు ఫిల్టరు మీద ఎన్ని మైక్రాన్లని రాసుందో చదువు. లాగే వైపు 30 గానీ 10 గానీ చాలు. 2 మైక్రాన్లది ఫీడ్ పంపు దాటాక ఉండాల్సిన సరుకు; ముందు పెడితే పంపు గొంతు నొక్కినట్టే. షాపులో "సన్నగా వడగడితే మంచిది" అని అంటగట్టేస్తారు. కొత్త హోస్ లోపలి రంధ్రం పాతదాని కన్నా చిన్నదైనా అంతే.

అరగంట బాగా నడిచి నీరసపడితే ట్యాంకు మూత విప్పు. బుస్సుమందంటే ట్యాంకుకి గాలి వెళ్లే గొట్టం మూసుకుందన్నమాట, పెయింటు వేసేటప్పుడు పూసేస్తుంటారు. ట్యాంకు లోపల జింకు పూత ఉంటే ఆ ట్యాంకే మార్చు, డీజిల్‌కి జింకు పడదు.

గాలి తీసేటప్పుడు ముందు ఫిల్టరు స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టు, బుడగల్లేని డీజిల్ వస్తుండగానే బిగించు. తర్వాత ఎఫ్‌ఐపీ స్క్రూ, ఆఖరున నాజిల్ పైపుల నట్లు. నాజిల్ వైపు లీకుని చేత్తో తడిమి వెతకొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి పోయే ప్రమాదం. అట్టముక్క అడ్డం పెట్టి చూడు.

నల్లపొగ వస్తుంటే మాత్రం కథ వేరు. డీజిల్ అందని ఇంజను సాధారణంగా నల్లపొగ కక్కదు. ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు చూడు, బోటు అడుగు కూడా చూడు. 61 రోజులు హార్బరు నీళ్లలో కదలకుండా ఉన్న బోటుకి గుల్లలు పట్టకుండా ఉంటాయా? ఫ్యాను (ప్రొపెల్లరు) రెక్కల మీద పేరుకున్నా ఇంజనుకి బరువే.

పంపుకే డీజిల్ చేరనప్పుడు దాని స్క్రూ తిప్పితే ఏం లాభం? రేపు లీకు దొరికి సరిచేశాక అదే పంపు అవసరానికి మించి పోస్తుంది. అప్పుడు నల్లపొగ, వేడి, పిస్టన్ల ఖర్చు. క్యానుతోనూ లాగకపోతే, బోటు అడుగు, ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు బాగానే ఉంటే, అప్పుడు పంపుని విప్పి టెస్ట్ బెంచీకి పంపుదాం. క్యాను పెట్టి చూశాక నాకు ఫోన్ చెయ్యి, అంతదాకా ఆ సీలు ఎవరినీ తెంపనివ్వకు.

మీ మావయ్య